విద్యాసాగరుని జీవితము - పదవియు, లోకుల మెప్పును, ఆత్మగౌరవమును

మనలో విద్యావంతుల మనిపించుకొనువారి కొక వ్యాధి కలదు. వైద్యశాస్త్రమున దానికి పేరు లేదు. ఉద్యోగము దొరకినపుడు మనము మనుష్యులమైతి మనుకొందుము; పై యుద్యోగము దొరకినపుడు గొప్ప మనుష్యులమైతి మనుకొందుము; అది తప్పిపోయినపుడు మనుష్యులమే కాకపోతిమని క్రుంగిపోదుము. బంధువుల యింట శుభకార్యమునకు పోయినచో మన పేరడుగువారికంటె మన హోదా నడుగువారే యెక్కువ. మనమును హోదానే ముందు చెప్పి పేరు పిమ్మట చెప్పుచుందుము. కొన్ని యేండ్లిట్లు గడచిన పిమ్మట, హోదాను తీసివేసినచో మిగులున దేమో మనకే తెలియకుండ పోవును.

న్యాయవాదవృత్తిలో నున్న మేము ఈ వ్యాధిని దగ్గఱనుండి చూచినవారము. వ్యాజ్యములు గెలుచుచున్నంతకాలము తల యెత్తుకొని తిరిగిన న్యాయవాది, కక్షిదారులు మఱియొకని గుమ్మము త్రొక్కినతోడనే తన బుద్ధియే తఱిగిపోయినట్లు కృశించును. పింఛను పుచ్చుకొన్న యధికారి, నిన్నటివఱకు తన వాకిట చేతులు కట్టుకొని నిలిచినవారు నేడు వీధిలో తల త్రిప్పుకొని పోవుట చూచి, ఆఱు మాసములలో పదియేండ్ల ముసలితనము తెచ్చుకొనును. వీరి బుద్ధి తఱుగలేదు. వీరి గుణము మాఱలేదు. మాఱినది ఇతరులు వీరిని చూచెడి చూపు మాత్రమే. తన విలువను పరుల చూపులో దాచుకొన్నవాడు, ఆ చూపు మరలినపుడు దరిద్రుడగుట వింత కాదు.

ఈ వ్యాధికి మందు ఉపదేశములలో కంటె ఒక మహాపురుషుని నడవడిలో నెక్కువగ దొరకునని తలచి, వంగదేశీయుడగు ఈశ్వరచంద్ర విద్యాసాగరుని జీవితమును చదువరుల ముందుంచుచున్నాము. విధవావివాహ శాసనమునకు ఆయన మూలపురుషుడని యందఱెఱుగుదురు. ఆయన రెండుమార్లు ఉద్యోగమును తృణప్రాయముగ విడిచిన సంగతియు, తన దేశీయుల దూషణలను ఏండ్లకొలది భరించిన సంగతియు, ఆ దూషణలవలన ఆయన నొచ్చెనే గాని చిన్నవాడు కాలేదను సంగతియు యోజించినవారు కొందఱే. మే మిచట ముఖ్యముగ ఆ భాగమునే చెప్పదలచితిమి.

ఈశ్వరచంద్రుడు 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన బీర్‌సింహ గ్రామమున జనించెను. ఆ గ్రామము నేడు పశ్చిమ మేదినీపుర మండలమున నున్నది. తండ్రి ఠాకూరుదాసు బంద్యోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. తండ్రి పసితనముననే బ్రతుకుతెరువు వెదకికొనుచు కలకత్తా చేరి, తొలుత నెలకు 2 రూపాయల జీతముపై కొలువు కుదిరెను. ఆ కొలువు దొరకకమునుపు ఒకనాడు ఆకలిచే నడువలేక, ఒక దుకాణము ముందు నిలిచి మంచినీళ్లడిగెను. దుకాణము నడుపుచున్న విధవ యొకతె ఆ పిల్లవాని మొగము చూచి సంగతి గ్రహించి, బొరుగులును పెరుగును పెట్టి కడుపు నింపి పంపెను. ఈశ్వరచంద్రుడు పెద్దవాడై తన జీవితచరిత్రమును వ్రాయబూని కొంతవఱకే వ్రాసి విడిచిపెట్టెను. ఆ కొంచెములోనే ఈ స్త్రీ కథను మఱవక చేర్చెను. ఆమె పేరు లోకమున కెవరికిని తెలియదు. ఆమెకు పదవి లేదు, బిరుదు లేదు, సంఘమున గౌరవస్థానము లేదు. అయినను ఆమె విలువను ఈశ్వరచంద్రుడు గుర్తింపగలిగెను. పరుల విలువను హోదా లేకుండ కొలువ నేర్చినవాడు తన విలువను గూడ అట్లే కొలిచికొనగలడు. హోదానుబట్టి పరులను కొలుచువానికి ఆ కొలతబద్దయే యొకనాడు తన మెడమీదికి వచ్చును.

ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రివెంట కాలినడకను కలకత్తాకు పోవుచు, బాట ప్రక్కనున్న మైలురాళ్లమీది గుర్తులను చూచి ఆ బాలుడు ఇంగ్లీషు అంకెలను నేర్చుకొనెను. 1829వ సంవత్సరమున సంస్కృత కళాశాలలో చేరి పండ్రెండేండ్లు చదివెను. ఇంట వంట చేయుట, గిన్నెలు తోముట, తమ్ములకు పెట్టుట యెల్ల ఆయన పనియే. వ్యాకరణము, సాహిత్యము, అలంకారము, వేదాంతము, న్యాయము, స్మృతులు, ఇవి యన్నియు చదివి, 1839వ సంవత్సరమున హిందూ ధర్మశాస్త్ర పరీక్షలో కృతార్థుడై విద్యాసాగర బిరుదము నొందెను. బంద్యోపాధ్యాయు డను ఇంటిపేరు మఱుగుపడి బిరుదమే పేరై నిలిచినది. 1841వ సంవత్సరము డిసెంబరులో ఫోర్టు విలియం కళాశాలయందు 50 రూపాయల జీతముపై ప్రధాన పండితుడయ్యెను. వెంటనే చేసిన పని, తండ్రిచేత కొలువు మాన్పించి ఆయనకు నెలకు 20 రూపాయలు పంపుట.

1846వ సంవత్సరమున ఆయన తాను చదివిన సంస్కృత కళాశాలకే సహాయ కార్యదర్శియై వచ్చెను. అచట పాఠక్రమము చిందరవందరగ నుండెను. విద్యార్థులు వ్యాకరణముతోడనే ఏండ్లు పుచ్చుచుండిరి. విద్యాసాగరుడు దానిని చక్కజేయుట కొక ప్రణాళిక వ్రాసి కార్యదర్శియైన రసమయదత్తున కిచ్చెను. కార్యదర్శి దానిని సంపూర్ణముగ నంగీకరింపలేదు. పని చేయనియ్యని చోట జీతము కొఱకు కూర్చుండుట విద్యాసాగరునికి సరిపడలేదు. 1847వ సంవత్సరమున ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను.

అప్పు డాయనకు కూడబెట్టిన ధనము లేదు. ఇంట పోషింపవలసినవారు పలువురు. బంధువులును మిత్రులును తలలు పట్టుకొనిరి. ఉద్యోగము మానిన పిమ్మట ఏమి తిని బ్రతుకుదువని యొకరడుగగా, కూరగాయలమ్ముకొనియైనను బ్రతుకవచ్చునను భావముతో బదులిచ్చినట్లు చరిత్రకారులు చెప్పుదురు. ఈ మాట గర్వపు మాట యని కొందఱనుకొనవచ్చును. మాకట్లు తోచుట లేదు. గర్విష్ఠుడు తన స్థానమున కూరగాయల దుకాణమును ఊహించుకొననైన లేడు. కూరగాయలమ్మినను నేను నేనే యని తెలిసినవాడే ఆ మాట నాడగలడు.

ఆయన కూరగాయల నమ్మలేదు, పుస్తకముల నమ్మెను. మిత్రుడగు మదనమోహన తర్కాలంకారునితో గలిసి, 600 రూపాయలు అప్పు తెచ్చి, సంస్కృత ముద్రణాలయమును స్థాపించెను. ప్రాచీన వంగకావ్యమైన అన్నదామంగళమును శుద్ధప్రతిగ నచ్చొత్తింపగా, ఫోర్టు విలియం కళాశాలవారు 100 ప్రతులు 600 రూపాయలకు కొనిరి. అప్పు తీరినది. ఆ ముద్రణాలయమును దాని పుస్తకశాలయు రానురాను ఆయనకు స్వతంత్రమైన జీవనాధారమాయెను. ఈ యంశమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ఆత్మగౌరవము గాలిని భక్షించి బ్రతుకదు. ఒక్క యజమాని దయమీదనే కుటుంబము నిలిపినవానికి నిజము చెప్పుట కష్టము. అయితే విద్యాసాగరుడు ముందు రాజీనామా యిచ్చి పిమ్మట జీవనాధారమును కల్పించుకొనెను గాని, జీవనాధారము సిద్ధమగువఱకు మనస్సాక్షిని వాయిదా వేయలేదు.

ఆయనను విడిచిన కళాశాలయే ఆయనను తిరిగి పిలిచినది. 1850వ సంవత్సరము డిసెంబరులో సాహిత్యోపాధ్యాయుడుగను, మఱుసటినెలలోనే ప్రధానాధ్యక్షుడుగను నియమింపబడెను. అంతకు పూర్వము బ్రాహ్మణ వైద్యకులములవారికి మాత్రమే తెఱచియుండిన ఆ విద్యాలయపు తలుపులను కాయస్థులకును, క్రమముగ తక్కిన హిందువులకును తెఱపించెను. సంస్కృత వ్యాకరణమును వంగభాషలో సులభముగ వ్రాసి బాలుర శ్రమను ఏండ్లకొలది తగ్గించెను. 1855వ సంవత్సరమున వర్ణపరిచయమను అక్షరాభ్యాస పుస్తకమును ప్రకటించెను. దానితో తరతరముల వంగశిశువులు ఓనమాలు దిద్దిరి. ఆ యేటనే హుగ్లీ, బర్ద్వాను, మేదినీపురము, నదియా మండలములకు పాఠశాలల పరీక్షాధికారియు నయ్యెను. రెండుద్యోగములకు గలిసి జీతము నెలకు 500 రూపాయలు. ఆనాటి దేశీయున కది సామాన్యమైన మొత్తము కాదు. లెఫ్టినెంటు గవర్నరు హాలిడే దొర ఆయనతో చనువుగ మాటలాడెడివాడు. లోకుల కొలతబద్దతో చూచినచో విద్యాసాగరుడు శిఖరమున నుండెను.

సరిగ ఆ శిఖరమునుండియే ఆయన లోకుల మెప్పును పందెముగ నొడ్డెను. 1855వ సంవత్సరము జనవరిలో విధవావివాహము శాస్త్రసమ్మతమా కాదాయని విచారించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పరాశరస్మృతిని ఆధారముగ గొని, కలియుగమున విధవకు పునర్వివాహము ధర్మమేయని వాదించెను. దేశమంతయు గగ్గోలైనది. పండితులు ఖండనములు వ్రాసిరి. వీధులలో పాటలు కట్టి వెక్కిరించిరి. మెచ్చుకొని పాటలు కట్టినవారును లేకపోలేదు. ఆయన ప్రాణమునకే అపాయము కలదను వదంతులు పుట్టినవి. విద్యాసాగరుడు ఆ యేడాది అక్టోబరులో రెండవ పుస్తకము వెలువరించి, ఖండనములలోని ఒక్కొక్క యాక్షేపణను విడివిడిగ తీసికొని, ఒక్కొక్కదానికి ప్రమాణములతో సమాధానము చెప్పెను.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. లోకాభిప్రాయమునకు లొంగకపోవుట వేఱు, వినకపోవుట వేఱు. తమ్మెవరును మెచ్చలేదు గనుక తామే గొప్పవారమని భ్రమించువారు మనలో కొందఱున్నారు. అది ఆత్మగౌరవము కాదు, మొండితనము. విద్యాసాగరుడు ప్రతిపక్షుల మాటలను ఎవరికంటెను శ్రద్ధగ వినెను. వాదము సరియా తప్పా యని తెలిసికొనుటకు వినెను. తాను మంచివాడో చెడ్డవాడో తేల్చుకొనుటకు మాత్రము వారి మొగములు చూడలేదు. న్యాయస్థానమున ప్రతివాది న్యాయవాది చెప్పున దంతయు మనము వినుదుము, వ్రాసికొందుము, సమాధానము చెప్పుదుము. అతడు మనమీద తీర్పు చెప్పుటకు అధికారము గలవాడని మాత్రము భావింపము.

శాసనము కొఱకు విద్యాసాగరుడు పంపిన విన్నపముపై చేవ్రాళ్లు 1,000కి లోపు. రాజా రాధాకాంతదేవుని నాయకత్వమున వచ్చిన ప్రతివిన్నపముపై చేవ్రాళ్లు 30,000కు మించినవి. లెక్కచే విలువ నిర్ణయమగునేని ఆయన ఆనాడే ఇంటికి పోయి తలుపు వేసికొనవలసియుండెను. ఆయన వెనుదీయలేదు. 1856వ సంవత్సరము జూలై 26వ తేదీన 15వ చట్టముగ విధవావివాహ శాసనము వెలువడినది. ఆ డిసెంబరు 7వ తేదీన కలకత్తాలో సుకియా వీధియందు మొదటి వివాహము జరిగినది. వరుడు శ్రీశచంద్ర విద్యారత్నుడు, వధువు కాళీమతీదేవి. చూడవచ్చిన జనసమ్మర్దమును అదుపుచేయుటకు రక్షకభటులు నిలువవలసివచ్చెను.

శాసనము గెలుచుటతో కథ ముగియలేదు. అసలు కష్టము అప్పుడే మొదలైనది. సహాయము చేయుదుమని ప్రతిజ్ఞాపత్రములపై సంతకములు పెట్టిన ధనికులు మెల్లగ తప్పుకొనిరి. వివాహములు చేసికొన్నవారిని సంఘము వెలివేయుచుండెను. వారిని ఆదుకొనుభారము ఒక్కని నెత్తిన బడెను. పదియేండ్లలో సుమారు 60 వివాహములకు సుమారు 82,000 రూపాయలు వ్యయమైనవి. ధనము కొఱకే పెండ్లియాడి పిమ్మట మోసగించినవారు నుండిరి. విద్యాసాగరుడు అప్పులలో మునిగెను. ఆయన ఋణము తీర్చుటకు మిత్రులు చందాలు పోగుచేయ సంకల్పింపగా, తన పేర అట్టి నిధి వలదని పత్రికాముఖమున తెలిపి, తన పుస్తకముల రాబడితో తానే తీర్చుకొనుచు వచ్చెను.

ఇంతలో ఆడపిల్లల చదువు విషయమున ప్రభుత్వముతో వైషమ్యము కలిగెను. 1857వ సంవత్సరము నవంబరు మొదలు 1858వ సంవత్సరము మే వఱకు గల కొలదినెలలలో విద్యాసాగరుడు నాలుగు మండలములలో 35 బాలికాపాఠశాలలను స్థాపించెను. వానిలో సుమారు 1,300 మంది బాలికలు చేరిరి. పై యధికారుల మాటలలోని ప్రోత్సాహమును అనుమతిగ గ్రహించి ఆయన ముందునకు సాగెను. తీరా ఖర్చు లెక్క పంపగా, ముందుగ వ్రాతపూర్వకమైన యనుమతి లేదని ప్రభుత్వము స్థిరమైన సహాయధనమును నిరాకరించెను. విద్యాశాఖాధ్యక్షుడగు గోర్డన్ యంగ్ దొరతో పూర్వమునుండియే అభిప్రాయభేదము లుండెను. 1858వ సంవత్సరమున విద్యాసాగరుడు 500 రూపాయల జీతమును, రెండుద్యోగములను గలిపి విడిచెను. అప్పటికాయన వయస్సు 38 ఏండ్లు. పింఛను లేదు. హాలిడే దొర చెప్పిచూచెను గాని ఆయన నిర్ణయము మాఱలేదు. పాఠశాలలను మాత్రము విడువక, చందాలతోడను స్వంత ధనముతోడను వలనైనంతవఱకు నడపెను.

ఆయనకు పుస్తకముల రాబడి యుండెను గనుక ఉద్యోగము మానుట సులభమాయెనని ఎవరైన ననవచ్చును. ఆ మాటలో కొంత నిజము కలదు. అయితే 1847వ సంవత్సరమున ఆ రాబడి లేదు, అప్పుడును మానెను. 1858వ సంవత్సరమున రాబడి యున్నను, భరింపవలసిన వ్యయమును నుండెను, అప్పుడును మానెను. కావున ఆయన ధైర్యమునకు మూలము ధనముకంటె లోతుగ నున్నదని మేము తలంచుచున్నాము. ఉద్యోగము ఆయనకు పనిముట్టు. పనిముట్టు విఱిగినచో మఱియొకటి వెదకుకొనును గాని, తన చేయియే విఱిగెనని పనివాడు ఏడ్వడు.

ఆ మఱియొక పనిముట్టు మెట్రోపాలిటన్ విద్యాలయము. కలకత్తా ట్రైనింగు పాఠశాల యను పేరున నుండిన సంస్థ నిర్వహణము ఆయన చేతికి వచ్చి, 1864వ సంవత్సరమున హిందూ మెట్రోపాలిటన్ విద్యాలయమాయెను. ఆంగ్లేయోపాధ్యాయులు లేకయే దేశీయులచేత నడపబడు ఉన్నతవిద్య నిలువదని పలువు రనుచుండిరి. 1872వ సంవత్సరమున ఎఫ్. ఏ. తరగతులు, 1879వ సంవత్సరమున బి. ఏ. తరగతులు అచట వెలసినవి. 1917వ సంవత్సరము మొదలు అది విద్యాసాగర కళాశాల యను పేరు వహించినది. అధికారమున నుండి చేయనియ్యని పనిని అధికారము లేకయే ఆయన చేసెను.

ఆయన తలపెట్టిన వన్నియు ఫలించెనని చెప్పినచో చదువరులను మోసగించినవార మగుదుము. కులీన బ్రాహ్మణులు పెక్కుమంది భార్యలను పెండ్లియాడి పుట్టింటనే విడిచిపెట్టు దురాచారమును శాసనముచే మాన్పింప ఆయన దీర్ఘకాలము శ్రమించెను. 1866వ సంవత్సరమున పంపిన విన్నపముపై చేవ్రాళ్లు 20,000కు పైబడినవి. 1871, 1873 సంవత్సరములలో ఈ విషయమై పుస్తకములు వ్రాసెను. ఆయన జీవితకాలమున శాసనము రాలేదు. హిందువులలో బహుభార్యాత్వము దేశమంతట నిషిద్ధమైనది 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టముచేతనే. చిత్రమేమన, జనసంఖ్య తనకు ప్రతికూలముగ నున్నపుడు ఆయన గెలిచెను. చేవ్రాళ్లు వేలకొలది తనపక్షమున నున్నపుడు ఓడెను. అట్లయిన ఏ యేట ఆయన గొప్పవాడు, ఏ యేట తక్కువవాడు? గెలుపోటములచే మనుష్యుని విలువ కట్టువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేరు.

ఇంతటివాడు రాతిమనిషియా? కాదు. ఈ సంగతి చెప్పకున్నచో జీవితచరిత్రము స్తోత్రపాఠమగును. దూషణము ఆయనకు నొప్పి కలిగించెను. తాను మేలు చేసినవారే తన్ను నిందించుట ఆయనను మిక్కిలి బాధించెను. 1869వ సంవత్సరమున స్వగ్రామమున జరిగిన యొక వివాహ విషయమున తా నిచ్చిన మాటకు విరుద్ధముగ తమ్ములు నడచుటచేత, మనసు విఱిగి, బీర్‌సింహ గ్రామమును విడిచి మరల అచట కాలు పెట్టలేదు. ఏకైక పుత్రుడు నారాయణచంద్రుడు 1870వ సంవత్సరమున విధవను పెండ్లియాడినపుడు, బంధువులు విడిచిపోయినను లెక్కింపక సంతోషించెను. ఆ పుత్రునే వేఱు కారణములచే 1875వ సంవత్సరపు మరణశాసనమున వారసత్వమునకు దూరము చేసెను. 1866వ సంవత్సరమున బండి బోల్తాపడి తగిలిన దెబ్బవలన చెడిన యారోగ్యము తిరిగి కుదురుకొనలేదు. ఆయన ముదిమి ఒంటరి ముదిమి.

అయినను నొప్పి వేఱు, తీర్పు వేఱు. రాయి తగిలినచో కాలు నొచ్చును. రాయి తగిలినది గనుక నేను నడువదగనివాడనని ఎవరు ననుకొనరు. విద్యాసాగరుడు నొచ్చెను గాని నడక మానలేదు. కొన్ని చోట్ల ఆయన కోపము మితిమీఱెనని మేము భావించినను, లోకులు తిరిగి మెచ్చుకొందురేమోయని తన నమ్మకమును సవరించుకొన్న దినము ఆయన జీవితమున మాకు కానరాదు.

చివరి యేండ్లలో ఆయన ఎక్కువకాలము కర్మాటాడ్ అను పల్లెలో గడపెను. అది నేటి ఝార్ఖండ్ రాష్ట్రమున జామ్‌తాడా మండలమున నున్నది. చుట్టుపట్ల నివసించువారు సంతాలులు. వారికి ఆయన పుస్తకములు తెలియవు, చట్టము తెలియదు, బిరుదము తెలియదు. ఉదయమున వారు తెచ్చిన మొక్కజొన్నపొత్తులను అడిగిన వెలకు కొని, సాయంకాలము ఆకలితో వచ్చినవారికి వానినే పంచిపెట్టెడివాడు. హోమియోపతి మందుల పెట్టె చంకనిడికొని రోగుల గుడిసెలకు నడిచి పోయెడివాడు. కలకత్తాలో కీర్తి యేమి చేయలేదో, ఆ పొత్తులును మందులపెట్టెయు అది చేసి, ఆయనకు కొంత శాంతి నిచ్చినవి. మెచ్చుకొనుటకు తెలియనివారికి మేలు చేయునపుడు, మన పని మెప్పు కొఱకో పని కొఱకో మనకే తేటపడును.

1880వ సంవత్సరమున ప్రభుత్వము ఆయనకు సి. ఐ. ఇ. బిరుదము నిచ్చెను. దానికై ఆయన ప్రాకులాడలేదు, వచ్చినపుడు ఉప్పొంగలేదు. ముతక ధోవతి, ఉత్తరీయము, కాలికి చెప్పులు, ఇవియే బిరుదము రాకపూర్వమును వచ్చిన పిమ్మటను ఆయన వేషము. 1891వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో కాలధర్మము నొందెను.

మన యాంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి విధవావివాహము జరిపించి, దక్షిణదేశ విద్యాసాగరులని పేరొందిరి. ఆ పేరును మనము గర్వముతో చెప్పుకొందుము. అయితే ఆ పేరు దొరకుటకు ముందు దొరకినవి వెలియును, దూషణయు, ఒంటరితనమును; వానిని కూడ గుర్తుంచుకొన్నచో ఆ పేరుయొక్క వెల తెలియును.

ఈ చరిత్రమునుండి ఒక తప్పుడు పాఠమును నేర్చుకొను ప్రమాదము కలదు. బ్రతికియున్నపుడు నిందించినను తుదకు లోకము మెచ్చుకొనినది గదా, విగ్రహములు నిలిపినది గదా, కావున మనమును ఓర్చుకొన్నచో తుదకు మెప్పు దొరకునని కొందఱనుకొందురు. ఇది ఋణమును వడ్డీతో వసూలు చేసికొనవచ్చునను ఆశయే. వ్యాధి మాఱలేదు, వాయిదా మాత్రము పొడిగింపబడినది. ఆ విగ్రహములగతి యేమాయెనో చూడుడు. 1970వ సంవత్సరమున కలకత్తా కళాశాల చౌకమున నున్న ఆయన విగ్రహము శిరస్సును ఖండించిరి. 2019వ సంవత్సరము మే నెలలో ఆయన పేర వెలసిన కళాశాలలోనే ఆయన ప్రతిమను పగులగొట్టిరి. రెండును తిరిగి నిలిపిరి. నిలిపినపుడు ఆయన పెరుగలేదు, పగిలినపుడు తఱుగలేదు. జీవించియుండగా చేవ్రాళ్ల లెక్క ఆయనపై ఎంత యధికారము గలదో, మరణానంతరము విగ్రహముల లెక్కకును అంతే.

మన పని మంచిదగునట్లు శ్రమింపవలెను. ఉద్యోగమున ఉన్నతి వచ్చిన సంతోషముతో స్వీకరింపవచ్చును. పెద్దలు మెచ్చినచో ఆనందింపవచ్చును. వీనిలో దోషము లేదు. ఇవి మనకు వచ్చినవే గాని మనము కావు అను సంగతి మఱవకున్న చాలును. పదవిలో నున్నవాడు, రేపు ఈ కుర్చీ పోయినచో నేను చేయుచున్న దానిలో ఏది మిగులునని యప్పుడప్పుడు తన్ను తానడుగుకొనవలెను. ఏమియు మిగులదని తోచినచో, కుర్చీ యుండగనే వేఱొక పని వెదకికొనుటకు అది తగిన సమయము. పదవి పోయినవాడు, లేక కోరినది దొరకనివాడు, విద్యాసాగరుని 38వ యేటిని తలంచుకొనవలెను. లోకులు ఆయన కథ అంతటితో ముగిసెననుకొనిరి. ఆయనకింకను ముప్పదిమూడేండ్ల పని యుండెను.

మన బిడ్డలను గూర్చి యొక మాట చెప్పి విరమింతుము. పరీక్షలో తప్పిన బాలుని యింట మృతాశౌచము వచ్చినట్లు మౌనము వహించు తలిదండ్రులు మన వర్గముననే యెక్కువ. ఆ మౌనము బాలున కొక పాఠమును నేర్పును: నీవు గెలిచిననాడే మావాడవు అని. ఈ పాఠమును నేర్చినవాడు పెద్దవాడై న్యాయాధిపతి యైనను, మంత్రి యైనను, ఇతరుల మొగములనే చూచుచు బ్రతుకును. అట్టివానిచే సంఘమున కే సంస్కారమును జరుగదు. ఏలయన సంస్కరణమనగా మొదటిదినమున మెప్పు దొరకని పని. తప్పిన బాలుని ఆనాడే ప్రక్కను కూర్చుండబెట్టుకొని యెప్పటివలెనే అన్నము పెట్టి, ఎచట తప్పెనో ఓర్పుతో చూపవలెను. విధవ యొకతె పేరడుగక ఆకలిగొన్న పిల్లవానికి బొరుగులును పెరుగును పెట్టినది. మన బిడ్డలకు మన మంతమాత్రము చేయలేమా?